గడిచిన మేలు, గడవని కష్టం

తెలుగు నేల మీద క్రైస్తవ కుటుంబాలున్న ఊళ్లలో ‘ఎబెనెజరు’ అన్న పేరు తరచూ కనిపిస్తుంది. ఇంటి గేటు మీద, ప్రార్థన మందిరం గోడ మీద, బడి హాజరు పట్టీలో పిల్లవాడి పేరుగా. సహాయపు రాయి అని దాని అర్థం. ఇల్లు కట్టుకున్నాకో, జబ్బు నయమయ్యాకో, లేకలేక బిడ్డ పుట్టాకో ఈ పేరు పెట్టుకుంటారు. ఇక్కడిదాకా దేవుడు నడిపించాడు, ఆ సంగతి మరిచిపోకూడదు అన్నది వాళ్ల ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే. కానీ ఈ పేరు పుట్టిన కథను మొదటి నుంచి చదివినవాళ్లకు అది ఒక గెలుపు కథగా మాత్రమే మిగలదు. గతంలో అందిన దేవుని సహాయాన్ని తలచుకోవడం వల్ల విశ్వాసికి బలం వస్తుందని క్రైస్తవం చెబుతుంది. ఆ బలం నిజమైనదేనని నా అభిప్రాయం. అయితే ‘అప్పుడు జరిగింది కాబట్టి ఇప్పుడూ జరిగి తీరుతుంది’ అన్న లెక్క మీద అది నిలబడదు. ఓటమినీ, జవాబు రాని ప్రార్థననూ, తాను ఇతరులకు చేసిన అన్యాయాన్నీ కూడా దాచుకున్న జ్ఞాపకమే కష్టకాలంలో మనిషిని మోస్తుంది. వాటిని వదిలేసి మేళ్లను మాత్రమే ఏరుకున్న జ్ఞాపకం పెద్ద కష్టం రాగానే చేతికి దొరకకుండా పోతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన మాటేమీ కాదు. బైబిలు తన కథల అమరికలోనే ఈ మాట చెప్పింది.

సమూయేలు మొదటి గ్రంథంలో ఎబెనెజరు అన్న పేరు మొదటిసారి వచ్చేది నాలుగో అధ్యాయంలో. అక్కడ అది ఓడిపోయిన చోటు. ఇశ్రాయేలీయులు ఎబెనెజరు దగ్గర దిగారు, ఫిలిష్తీయులు ఆఫెకులో దిగారు. తొలి పోరులోనే ఇశ్రాయేలీయుల వైపు సుమారు 4,000 మంది కూలిపోయారు. అప్పుడు పెద్దలు కూర్చుని ఆలోచించి, దేవుని సన్నిధికి గుర్తయిన మందసాన్ని షిలోహు నుంచి యుద్ధభూమికి తెప్పించారు. యొర్దాను నీళ్లు ఆగిపోయినప్పుడు ముందు నడిచింది ఆ మందసమే, యెరికో గోడల చుట్టూ తిరిగిందీ ఆ మందసమే. అంటే ఆ పెద్దలు గతాన్ని మరిచినవాళ్లు కారు, బాగా గుర్తుపెట్టుకున్నవాళ్లు. మందసం పాళెంలోకి రాగానే జనం భూమి దద్దరిల్లేలా కేకలు వేశారు. ఆ గతం శత్రువులకూ గుర్తుంది. ఐగుప్తును తెగుళ్లతో మొత్తిన దేవుడు వచ్చాడని ఫిలిష్తీయులు బెంబేలెత్తారు. ఇరుపక్షాలకూ జ్ఞాపకానికి కొదవ లేదు. అయినా ఆ రోజు ఇశ్రాయేలులో 30,000 మంది కాల్బలం నేలకూలింది, మందసం శత్రువు చేతికి చిక్కింది. యాజకుడు ఏలీ కొడుకులిద్దరూ చనిపోయారు. మందసం పోయిందన్న మాట చెవిన పడగానే 98 ఏళ్ల ఏలీ పీట మీంచి వెనక్కి పడి మెడ విరిగి ప్రాణం వదిలాడు. ఈ యుద్ధానికి ముందే ఆ గ్రంథం మరో సంగతి చెప్పి ఉంచింది. ఏలీ కొడుకులు బలి మాంసాన్ని జనం దగ్గర బలవంతంగా లాక్కునేవాళ్లు, గుడారం వాకిట సేవచేసే స్త్రీలతో చెడుగా నడుచుకునేవాళ్లు. మందసంతో పాటు యుద్ధభూమికి వచ్చింది వాళ్లే.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచాయి. మందసం తిరిగి వచ్చింది గానీ షిలోహుకు కాదు, కిర్యత్యారీములో ఒక ఇంటికి చేరి అక్కడే ఉండిపోయింది. ఏడో అధ్యాయంలో ప్రవక్త సమూయేలు జనాన్ని మిస్పాకు పిలిచాడు. ఈసారి మందసాన్ని ఎవరూ తెప్పించలేదు. ఇళ్లలో ఉన్న అన్యదేవతలను తీసేశారు, ఉపవాసమున్నారు, నీళ్లు చేది దేవుని ఎదుట కుమ్మరించారు, తప్పు చేశామని అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆ కూడిక మీదికే ఫిలిష్తీయులు దండెత్తి వచ్చారు, ఉరుములకు చెదిరి పారిపోయారు. అప్పుడు సమూయేలు ఒక రాయి తీసి మిస్పాకూ షేనుకూ మధ్య నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టాడు. నాలుగో అధ్యాయంలోని చోటూ ఇదీ ఒకటేనా అన్నది పండితులు వాదించుకునే సంగతి. భౌగోళికంగా ఏది నిజమైనా, కథ చెప్పినవాడు రెండు చోట్లా ఒకే పేరు వాడాడు. ఆ పేరు చెవిన పడిన ప్రతిసారీ పోయినవాళ్లూ గుర్తుకు రావాలి, గట్టెక్కిన రోజూ గుర్తుకు రావాలి. పైగా సమూయేలు చెప్పింది ఆ రోజు వరకు అందిన సహాయం గురించే. రేపటి గురించి ఆ రాయి మీద ఏ హామీ లేదు. అదే గ్రంథం చివరి అధ్యాయంలో సౌలు రాజు, అతని కొడుకులు గిల్బోవ కొండ మీద ఆ ఫిలిష్తీయుల చేతిలోనే ఓడి చనిపోయారు.

జ్ఞాపకాన్ని హామీ పత్రంగా వాడుకుంటే ఏమవుతుందో ఇంకా పెద్ద ఎత్తున చూపించినవాడు యిర్మీయా ప్రవక్త. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణాలను పట్టుకుని యెరూషలేము మీదికి వచ్చాడు, కానీ నగరాన్ని పట్టుకోలేకపోయాడు. ఆ విడుదల జనం మనసులో గట్టిగా పాతుకుపోయింది. దాదాపు వందేళ్లకు అది వేరే రూపం ఎత్తింది. ఇది దేవుని ఆలయం ఉన్న పట్టణం, దీనికేమీ కాదు అనుకున్నారు. యిర్మీయా ఆలయ ద్వారం దగ్గర నిలబడి, పరదేశులనూ తండ్రిలేనివాళ్లనూ విధవరాళ్లనూ పీడిస్తూ ఆలయాన్ని నమ్ముకోవడం అబద్ధాన్ని నమ్ముకోవడమేనన్నాడు. కావాలంటే షిలోహు వెళ్లి చూసి రమ్మన్నాడు. ఒకప్పుడు మందసం ఉన్న ఆ చోటు అప్పటికి పాడుబడి ఉంది. వినేవాళ్లకు ఆ మాట మింగుడు పడలేదు, అతణ్ణి చంపాలన్నారు. క్రీ.పూ. 586లో బబులోను సేన నగరాన్ని, ఆలయాన్ని కాల్చేసింది. యిర్మీయా జనాన్ని గతం మరిచిపొమ్మనలేదని గమనించాలి. వాళ్లు 701ని మాత్రం గుర్తుపెట్టుకుని షిలోహును వదిలేశారు. ఆ వదిలేసిన సగాన్ని అతను వాళ్ల ముందు పెట్టాడు.

మరి హామీ కాని జ్ఞాపకం బలమెలా ఇస్తుంది? దీనికి బైబిలులో నాకు తెలిసిన మంచి జవాబు 77వ కీర్తన. ఆసాపు పేరుతో ఉన్న ఆ కీర్తనలో 20 వచనాలున్నాయి. మొదటి సగంలో రాత్రంతా నిద్ర పట్టని మనిషి కనిపిస్తాడు. చేతులు చాచి ప్రార్థించినా అతనికి ఓదార్పు లేదు. ‘దేవుణ్ణి తలచుకో, ధైర్యం వస్తుంది’ అని తేలిగ్గా చెప్పేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. మూడో వచనంలో అతను దేవుణ్ణి తలచుకుంటే నిట్టూర్పే వస్తుంది, ప్రాణం సొమ్మసిల్లుతుంది. తాను ఒకప్పుడు రాత్రివేళ పాడుకున్న పాట గుర్తొచ్చి బాధ ఇంకా పెరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిదో వచనం వరకు ఆరు ప్రశ్నలు వరసగా వస్తాయి. దేవుడు కనికరించడం మరిచిపోయాడా అన్నది వాటిలో ఒకటి. జ్ఞాపకం దానంతట అది మందు కాదని ఆ కీర్తన నిజాయితీగా ఒప్పుకుంటుంది. పదకొండో వచనం దగ్గర అతను చూపు మళ్లిస్తాడు. అప్పటిదాకా తన పాత సుఖాన్ని తలచుకున్నవాడు, ఇక దేవుడు చేసిన పనులను తలచుకోవాలని నిర్ణయించుకుంటాడు. ఎర్రసముద్రం దాటిన సంగతి చెబుతాడు. అందులోనూ నీళ్ల మధ్య దారి ఉందంటాడు, కానీ దేవుని అడుగుజాడలు ఎవరికీ కనబడలేదంటాడు. మోషే అహరోనుల చేతి కింద జనాన్ని మందలా నడిపించిన మాటతో కీర్తన ఆగిపోతుంది. అతని కష్టం తీరిందా, ఆ రాత్రి నిద్ర పట్టిందా అన్నది మనకు తెలియదు. ఆరు ప్రశ్నల్లో ఒక్కదానికీ సూటి జవాబు రాలేదు. కానీ మొదటి సగంలో ఎటు చూసినా ‘నేను’ అన్న మాటే ఉన్న మనిషి, చివరికి దేవుణ్ణి ‘నీవు’ అని పిలుస్తూ ఆయనతో మాట్లాడుతున్నాడు. జ్ఞాపకం అతణ్ణి మళ్లీ ఆయన ముందు నిలబెట్టింది. అతనికి దొరికిన బలం అదే.

ఇలా చూపు మళ్లించడం ఎంత కష్టమో మనసును పరిశోధించేవాళ్లూ చెప్పారు. దిగులులో ఉన్నవాళ్లకు దిగులు జ్ఞాపకాలే ముందుగా మనసులోకి వస్తాయన్నది మనస్తత్వశాస్త్రంలో బాగా తెలిసిన విషయం. 1986లో బ్రిటన్‌లో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాళ్ల జ్ఞాపకాలను పరిశీలించారు. ఒక మాట ఇచ్చి దానికి సంబంధించిన సంఘటన చెప్పమంటే, వాళ్లు ఫలానా రోజు ఫలానా చోట జరిగిందని చెప్పలేక, ‘ఎప్పుడూ ఇంతే’ అన్నట్టు అన్నిటినీ కలిపి చెప్పే ధోరణి ఎక్కువగా కనిపించింది. దీన్ని బట్టి చూస్తే బైబిలులో జ్ఞాపకాన్ని మనసుకే వదిలేయకుండా రాళ్లకూ పండుగలకూ పాటలకూ ఎందుకు అప్పగించారో తెలుస్తుంది. యెహోషువ యొర్దాను నడి భాగం నుంచి పన్నెండు రాళ్లు మోయించి గిల్గాలులో నిలబెట్టించాడు. పిల్లలు ఇవేమిటని అడిగితే చెప్పడానికే అవి. మన్నాను ఒక ఓమెరు కొలిచి పాత్రలో పోసి తర్వాతి తరాల కోసం దాచమన్నారు. మిస్పాకూ షేనుకూ మధ్య అని చోటు పేర్లతో సహా రాశారు. ‘దేవుడు మంచివాడు’ అన్న విడి మాట కష్టంలో జారిపోతుంది. చోటూ రోజూ మనుషులూ ఉన్న సంగతి చేతికి పట్టు ఇస్తుంది. ప్రార్థనలను తేదీలతో పుస్తకంలో రాసుకునే విశ్వాసులు చేస్తున్నదీ ఈ పనే.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. దాన్ని పక్కకు నెట్టేయకూడదు. 1620లో అచ్చయిన ‘నోవమ్ ఆర్గానమ్’ గ్రంథంలో ఫ్రాన్సిస్ బేకన్ ఒక పాత కథ గుర్తుచేశాడు. ఓడ మునిగే ప్రమాదంలో మొక్కుకుని బయటపడినవాళ్ల బొమ్మలను గుడిలో ఒక మనిషికి చూపించి, ఇప్పుడైనా దేవతల శక్తి ఒప్పుకుంటావా అని అడిగారట. మొక్కుకున్నాక కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయని అతను ఎదురు ప్రశ్న వేశాడు. మనిషి మనసు తనకు నచ్చినదాన్నే లెక్కపెట్టుకుంటుందని బేకన్ చెప్పదలచాడు. సాక్ష్యాల కూడికలో ప్రార్థన ఫలించినవాళ్లే లేచి మాట్లాడుతుంటే ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. నయమైన పది మందిని గుర్తుపెట్టుకుని, అంతే విశ్వాసంతో ప్రార్థించి చనిపోయిన పదకొండో మనిషిని మరిచిపోతే అది ఆ కుటుంబానికి అన్యాయం కూడా.

అయితే బైబిలు ఆ మునిగిపోయినవాళ్ల బొమ్మలను దాచలేదు. 44వ కీర్తన మొదటి ఎనిమిది వచనాల్లో పితరులకు దేవుడు చేసిన మేళ్లను పొగుడుతుంది. తొమ్మిదో వచనం నుంచి, ఇప్పుడు మమ్మల్ని విడిచిపెట్టావు, గొర్రెల్లా తిండికి అప్పగించావు అని నిలదీస్తుంది. మేము నిన్ను మరిచిపోలేదు, అయినా ఇది మా మీదికి వచ్చిందని పదిహేడో వచనంలో కుండబద్దలు కొడుతుంది. ఎందుకు నిద్రపోతున్నావని దేవుణ్ణే అడుగుతుంది. అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయంలో హేరోదు యాకోబును కత్తితో చంపించాడు, పేతురు మాత్రం దేవదూత సాయంతో చెరసాల నుంచి బయటపడ్డాడు. ఇద్దరూ యేసు శిష్యులే, సంఘం ఒకటే, తేడా ఎందుకో ఆ అధ్యాయం చెప్పదు. హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయం విశ్వాసం వల్ల కత్తి వాత నుంచి తప్పించుకున్నవాళ్లను తలచుకున్న కొన్ని వాక్యాలకే, కత్తితో చంపబడ్డవాళ్లను, రంపాలతో కోయబడ్డవాళ్లను తలచుకుంటుంది. ఈ రెండు రకాలవాళ్ల విశ్వాసాన్నీ ఒకే వరసలో పెడుతుంది. దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు, దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ విగ్రహానికి మొక్కం అన్నారు. బేకన్ ప్రశ్న జ్ఞాపకాన్ని రుజువుగా చూపించే విశ్వాసాన్ని కూలగొడుతుంది. ఫలితాన్ని ముందే చేతుల్లోంచి వదిలేసిన విశ్వాసం మీద దానికి అంత పట్టు లేదు.

అలాంటప్పుడు జ్ఞాపకం దేనికి సాక్ష్యం? ఒకరి గుణానికి. కష్టంలో పదిసార్లు ఆదుకున్న స్నేహితుడు ఈసారి ఎందుకు రాలేదో తెలియనప్పుడు, అతను నన్ను మోసం చేశాడన్న తీర్పుకు వెంటనే రాము. రాలేకపోయిన కారణం తెలియకపోయినా మనిషి ఎలాంటివాడో తెలుసు కనుక ఆగుతాం. పౌలు రాసినది ఈ తీరుగానే ఉంటుంది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఆరంభంలో, ఆసియలో బతుకు మీద ఆశ వదులుకున్నంత శ్రమ వచ్చిందని, దేవుడు దాని నుంచి తప్పించాడని, ఇక ముందూ తప్పిస్తాడని నమ్ముతున్నానని అంటాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో మాట మారుతుంది. సింహం నోటి నుంచి బయటపడ్డానంటూనే, తాను వెళ్లిపోయే కాలం వచ్చిందని ముందే చెప్పేశాడు. మరణం తప్పుతుందని అతను అనుకోవడం లేదు. ప్రభువు తన పక్కన నిలిచాడన్నదే అతనికి గుర్తున్న సహాయం. క్రైస్తవులు తమ విశ్వాసానికి నడిబొడ్డున పెట్టుకున్న జ్ఞాపకం కూడా ఇలాంటిదే. ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూ వాళ్లు తలచుకునేది యేసు అప్పగించబడిన రాత్రిని, మరుసటి రోజు సిలువను. ఆ గిన్నె తప్పించమని గెత్సేమనేలో ఆయన చేసిన ప్రార్థన ఆయన అడిగిన రూపంలో నెరవేరలేదు. ఆ తర్వాత పునరుత్థానం ఉందని క్రైస్తవులు నమ్ముతారు. కానీ బల్ల దగ్గర ఆ శుక్రవారాన్ని దాటేసి ఆదివారానికి వెళ్లిపోరు. సహాయం అందని గంటను ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకునేవాళ్లను మేళ్లను మాత్రమే ఏరుకున్నారని నిందించడం కష్టం.

జ్ఞాపకం విగ్రహంగా మారే ప్రమాదం మరొకటి. అరణ్యంలో పాము కాటు తిన్నవాళ్లు చూసి బతికిన ఇత్తడి సర్పాన్ని జనం తరతరాలుగా దాచుకున్నారు, చివరికి దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అది అబద్ధపు జ్ఞాపకం కాదు, నిజంగా అందిన సహాయానికి గుర్తే. అయినా పగలగొట్టాల్సి వచ్చింది. యెషయా గ్రంథం 43వ అధ్యాయంలో ప్రవక్త మునుపటి సంగతులను తలచుకోవద్దంటాడు, 46వ అధ్యాయంలో తలచుకోమంటాడు. పొసగని మాటల్లా కనిపించినా, బబులోను చెరలో ఉన్నవాళ్లతో అంటున్నాడని గమనిస్తే ముడి విడిపోతుంది. దేవుణ్ణి గుర్తుపట్టడానికి గతం కావాలి. ఆయన పాత పద్ధతిలోనే వస్తాడని పట్టుబట్టడానికి ఆ గతాన్ని వాడుకోకూడదు. మన సంఘాల్లో ‘ఆ రోజుల్లో ఉజ్జీవం ఎలా ఉండేదో’ అని నిట్టూర్చేవాళ్లకు ఈ రెండు అధ్యాయాలూ కలిపి చదివితే మేలు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ నైతికమైనది. తనకు అందిన సహాయాన్ని తలచుకుని పొంగిపోయే మనిషి పక్కవాణ్ణి మరిచిపోతే? జాన్ న్యూటన్ జీవితం ఈ ప్రశ్నను మన ముందు పెడుతుంది. 1748 మార్చిలో అట్లాంటిక్ మీద గ్రేహౌండ్ అనే ఓడ తుఫానులో మునిగిపోబోయింది. అందులో ఉన్న న్యూటన్ దేవుణ్ణి వేడుకుని బతికి బయటపడ్డాడు. ఆ రోజును అతను జీవితాంతం ఏటా ప్రార్థనతో జ్ఞాపకం చేసుకున్నాడు. 1773 జనవరి 1 ఆరాధన కోసం ఓల్నీ అనే చిన్న ఊరి సంఘానికి అతను రాసిన పాటే ఇప్పుడు లోకమంతా పాడే ‘అమేజింగ్ గ్రేస్’. ఆ రోజు ప్రసంగానికి ఎంచుకున్న భాగం, దేవుడు తనను ఇంతదాకా తెచ్చాడని దావీదు ఆశ్చర్యపోయే దినవృత్తాంతముల మొదటి గ్రంథం 17వ అధ్యాయం. కానీ తుఫాను నుంచి బయటపడిన తర్వాతే న్యూటన్ బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754 వరకు ఆఫ్రికా మనుషులను గొలుసులతో కట్టి సముద్రం దాటించాడు. తన విడుదలను అంత భక్తితో తలచుకున్నవాడికి, తన ఓడ అడుగున ఉన్నవాళ్ల విడుదల చాలాకాలం తట్టలేదు. 1788లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో అతను ఆ వ్యాపారాన్ని ఖండించాడు, అందులో తన పాత్రను సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో బ్రిటిష్ పార్లమెంటులో గెలిచేదాకా బతికాడు. తుఫానుకూ ఆ పుస్తకానికీ మధ్య నలభై ఏళ్లు. అప్పటిదాకా అతని జ్ఞాపకం సగమేనని నేనంటాను. ద్వితీయోపదేశకాండం ఐగుప్తు విడుదలను గుర్తుచేసిన చోట్ల చాలాసార్లు దాని వెంటే ఒక పని చెబుతుంది. మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారు, కనుక దాసుణ్ణి విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దు. ఒలీవ చెట్టును రెండోసారి దులపవద్దు, మిగిలినది పరదేశికీ తండ్రిలేనివాడికీ విధవరాలికీ వదిలేయండి. అందిన సహాయం మరొకరికి అందేదాకా ఆ జ్ఞాపకం పూర్తయినట్టు కాదు.

మన దగ్గరికి వస్తే, ఒంగోలులోని ప్రార్థన కొండ ఇలాంటి జ్ఞాపకానికి తెలుగు గుర్తు. అమెరికన్ బాప్టిస్టులకు తెలుగు నేల మీద నెల్లూరులో ఒకే ఒక్క కేంద్రం ఉండేది, ఫలితం కనిపించక దాన్ని మూసేద్దామన్న చర్చ 1853లో జరిగింది. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. పన్నెండేళ్లకు, 1866లో మరో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రార్థనకు జవాబుగా ఈ కథను దాదాపు నూటయాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. కానీ ఆ ప్రార్థనకూ ఆ నదికీ మధ్య ధాత కరువు ఉంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిన లక్షల మంది ఆకలితో, కలరాతో చనిపోయారు. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 2,222 అన్న అంకెను తలచుకునేవాళ్లు కాలువ గట్టుదాకా నడవలేక దారిలోనే పడిపోయినవాళ్లను కూడా తలచుకోవాలి. మరొకటి కూడా ఉంది. మిషనరీల నివేదికల్లో కొండ మీది ప్రార్థన ముందు కనిపిస్తుంది. ఊరూరా నడిచి ఆ కబురు చెప్పినది మాత్రం ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ వంటి మాదిగ విశ్వాసులు. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల నోటి మాటలను సేకరించి ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అన్న పుస్తకంగా అచ్చువేసింది కాబట్టి ఆ వైపు జ్ఞాపకం కొంతైనా మిగిలింది. ఊరికి వెలుపల ఉంచిన మనుషులకు దేవుడు తమ వైపు నిలిచాడన్న జ్ఞాపకం ఆత్మగౌరవాన్ని ఇచ్చింది. అది ఎవరి నోటి నుంచి వినిపిస్తుందన్నది చిన్న విషయం కాదు.

నాకు తలచుకోవడానికి అలాంటి మేలేదీ జరగలేదు, నేనేం చేయాలి అని అడిగేవాళ్లుంటారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనది. తొలిపంట గంప తెచ్చిన రైతు చెప్పాల్సిన మాటలు ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఉన్నాయి. ఐగుప్తును కళ్లతో చూడని ఆ రైతు, ఐగుప్తీయులు మమ్మల్ని బాధపెట్టారు, దేవుడు మమ్మల్ని బయటికి తెచ్చాడు అనాలి. పితరుల జ్ఞాపకాన్ని అతను అప్పు తెచ్చుకోవడం లేదు, అది అతనికి వారసత్వంగా వస్తోంది. ఒంటరి మనిషి చేతిలో ఏమీ లేని రోజున సంఘం తన జ్ఞాపకాన్ని అతనికి ఇస్తుంది. అందుకే సంఘం ఏం గుర్తుపెట్టుకుంటుందన్నది అంత ముఖ్యం.

డిసెంబరు 31 రాత్రి తెలుగు సంఘాల్లో చాలాచోట్ల సాక్ష్యాలుంటాయి. ఉద్యోగం దొరికినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, ఆపరేషన్ గండం గడిచినవాళ్లు లేచి చెబుతారు. ఆ ఏడు భర్తను పోగొట్టుకున్న స్త్రీ, కౌలుకు చేసిన పంట మునిగిన రైతు లేవరు. వాళ్లకు చెప్పడానికి ఏమీ లేదని మిగతావాళ్లు అనుకుంటారు. 44వ కీర్తన తలకట్టులో ప్రధాన గాయకునికి అని, కోరహు కుమారులది అని ఉంది. ఎందుకు నిద్రపోతున్నావని దేవుణ్ణి అడిగే ఆ పాటను ఎవరో చాటుగా రాసుకుని దాచుకోలేదు, అందరూ కలిసి ఆరాధించే చోట పాడటానికే ఇచ్చారు. కాపరి ఆ రాత్రి ఆ కీర్తనను చివరిదాకా చదివించవచ్చు. చదివాక దాని మీద ఓదార్పు మాట తొందరగా అతికించకుండా, ఇష్టమైతే భర్తను పోగొట్టుకున్న ఆ స్త్రీకి మైకు ఇవ్వవచ్చు. దేవుడు ఈ ఏడు నేను అడిగింది చేయలేదు, అయినా నేను ఇక్కడికి వచ్చాను అని ఆమె అంటే, ఆ మాట కూడా ఆ సంఘపు సాక్ష్యాల్లో చేరుతుంది. వచ్చే ఏడు అదే గతి పట్టిన మరో ఇంటికి, నయమైన జబ్బుల కథలకన్నా అదే ఎక్కువ ఆసరా కావచ్చు.